స్పైకర్‌బాక్స్ రివ్యూ: బొద్దింక కాలు, రెండు సూదులు, ఒక తొమ్మిది వోల్టుల బ్యాటరీ

ఇంటర్ బైపీసీ చదివినవాళ్లందరికీ పెరిప్లానెటా అమెరికానా అనే బొద్దింక గుర్తుంటుంది. కాక్సా, ట్రోకాంటర్, ఫీమర్, టిబియా, టార్సస్ అని కాలి భాగాలు అప్పజెప్పి, బొమ్మ గీసి, భాగాలు గుర్తించి మార్కులు తెచ్చుకుంటాం. ఆ కాలి మీద ముళ్లు దేనికున్నాయో, ముల్లు వంగితే లోపల ఏం జరుగుతుందో అడిగే ప్రశ్న పరీక్షలో రాదు. స్పర్శ, చూపు, వినికిడి మెదడుకి ఎలా చేరతాయో తేల్చడమే వృత్తిగా పెట్టుకున్న శాస్త్రవేత్తల పని సరిగ్గా ఆ ప్రశ్న దగ్గరే మొదలవుతుంది. నాడిలో పుట్టే సన్నని విద్యుత్ సంకేతాల్ని పెంచి చెవికి వినిపిస్తూ ఆ మొదటి మెట్టుని కాలేజీ బల్ల మీదకి తెచ్చే పరికరం న్యూరాన్ స్పైకర్‌బాక్స్. నాడీశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్న రోజుల్లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో కలిసిన గ్రెగ్ గేజ్, టిమ్ మార్జులో 2009లో బ్యాక్‌యార్డ్ బ్రెయిన్స్ అనే సంస్థ పెట్టి దీన్ని తయారుచేశారు. దీని సర్క్యూట్ వివరాలు 2012లో ప్లాస్ వన్ పత్రికలో వ్యాసంగా వచ్చాయి, ఎవరైనా చదువుకోవచ్చు.

ముందే తీర్పు చెప్పేస్తే, జువాలజీ, ఫిజియాలజీ చెప్పే ప్రతి డిగ్రీ కాలేజీలో ఇలాంటి పెట్టె ఒకటి ఉండాలి. బొమ్మలు చూపించి యాక్షన్ పొటెన్షియల్ (నాడీకణం పలికినప్పుడు క్షణకాలం వచ్చే విద్యుత్ కుదుపు, దీన్నే స్పైకు అంటారు) చెప్పడానికీ, దాన్ని చెవితో వినిపించి చెప్పడానికీ చాలా తేడా ఉంది. అయితే పెట్టె తెరిచిన మొదటి గంటలో వినపడేది నాడి చప్పుడు కాదు, కరెంటు హోరు. దాన్ని వదిలించుకోవడం తెలియక అల్మారాలో పెట్టేస్తే డబ్బు వృథా. అందుకే ఈ రివ్యూలో ఎక్కువ భాగం దాని గురించే.

పెట్టెలో ఉన్నది పెద్ద సర్క్యూట్ కాదు. రెండు సూదుల మధ్య వోల్టేజీ తేడాని అందుకునే ఇన్‌స్ట్రుమెంటేషన్ ఆంప్లిఫయర్, దాని వెనక మరో పెంపు దశ, ఫిల్టరు, చిన్న స్పీకరు, ఫోనుకో ల్యాప్‌టాప్‌కో తగిలించే కేబులు. మొత్తం పెంపు దాదాపు 880 రెట్లు. కాలిలోని నాడి బయట దొరికే స్పైకు పదుల నుంచి వందల మైక్రోవోల్టుల్లో ఉంటుంది. 100 మైక్రోవోల్టుల స్పైకు ఈ పెట్టె దాటేసరికి 88 మిల్లీవోల్టులు అవుతుంది, అది ఫోను మైకు ఇన్‌పుట్‌కి ధారాళంగా సరిపోతుంది. ఫిల్టరు సుమారు 300 నుంచి 1300 హెర్ట్జ్ వరకే వదులుతుంది. స్పైకు వెడల్పు ఒక మిల్లీసెకను అటూఇటూ కాబట్టి దాని శక్తిలో చాలా భాగం ఈ పట్టీలోనే ఉంటుంది. దీనివల్ల ఒక నష్టం కూడా ఉంది. ఇంత ఇరుకు పట్టీలోంచి వచ్చిన స్పైకు అసలు ఆకారం పోగొట్టుకుంటుంది. పరిశోధన పరికరాల్లో పై హద్దు కొన్ని వేల హెర్ట్జ్ దాకా ఉంటుంది. కాబట్టి దీంతో స్పైకు వెడల్పు కొలవకండి, ఆకారాన్ని బట్టి ఇది ఫలానా రకం నాడీకణం అని తేల్చకండి. స్పైకులు ఎన్ని వచ్చాయి, ఎప్పుడెప్పుడు వచ్చాయి అనే రెండిటికీ మాత్రం ఇది నమ్మకమైన సాధనం.

కాలు సిద్ధం చేయడం తేలిక. బొద్దింకను ఐసు నీళ్లలో వేసి కదలిక పూర్తిగా ఆగేదాకా ఉంచాలి, దానికి కొద్ది నిమిషాలు పడుతుంది. వెనక కాలు ఎంచుకోవాలి. అదే అన్నిటికన్నా పొడుగు, ముళ్లు కూడా పెద్దవి. కాక్సా ఒంటికి అతుక్కునే చోట పదునైన కత్తెరతో ఒక్క వేటుకి కత్తిరించాలి. బొద్దింకను తుడిచి పొడిగా ఉన్న డబ్బాలో వదిలితే కాసేపటికి తేరుకుంటుంది. రెక్కలు రాని పిల్ల బొద్దింక అయితే కుబుసం విడిచినప్పుడు కాలు మళ్లీ మొలుస్తుంది. పెద్దది మళ్లీ కుబుసం విడవదు కాబట్టి దాని కాలు పోయినట్టే. అందుకని పెద్ద సైజు పిల్లల్ని వాడటం మేలు. తెగిన చోట కొంచెం వ్యాజిలిన్ రాస్తే తడి ఆరిపోదు. తర్వాత కాలిని బెండు ముక్క మీద పెట్టి ఒక సూది కాక్సాలోంచి, ఇంకోటి ఫీమర్‌లోంచి గుచ్చాలి. సూదులు రెండూ ఒకదానికొకటి తగలకూడదు. టిబియా మాత్రం బెండు అంచు దాటి గాలిలో ఉండాలి. మనం తాకేది దాన్నే.

స్పీకరు వాల్యూము పెంచి టిబియా ముల్లుని టూత్‌పిక్ కొసతో మెల్లగా వంచితే, వేడి నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు ఒక్క వరసలో స్పైకులు వినిపిస్తాయి. టూత్‌పిక్ తీస్తే ఆగిపోతాయి. మీద ఊదినా పలుకుతుంది. తరగతిలో ఈ ఒక్క క్షణం చాలు, నాడి భాష ఏమిటో పిల్లలకి అర్థమైపోతుంది.

ఇక బొద్దింక ఎక్కడిదన్నది చిన్న విషయం కాదు. వంటింట్లో మందు కొట్టిన చోట పట్టినదాన్ని వాడితే ప్రయోగం మొదలవక ముందే చెడిపోతుంది. ఇళ్లలో కొట్టే చాలా స్ప్రేల్లో పైరెత్రాయిడ్ మందులుంటాయి. అవి నాడీకణం పొరలో స్పైకుని పుట్టించే ద్వారాలైన సోడియం చానళ్లని మూసుకోనివ్వవు, దాంతో ఎవరూ తాకకపోయినా నాడి పదేపదే పలుకుతుంది. చూసేవాళ్లకి అది బ్రహ్మాండమైన సిగ్నల్‌లా కనిపిస్తుంది, నిజానికది విషం పని. మందు తగలని చోట పట్టి, కొన్నాళ్లు డబ్బాలో పెంచినవే వాడాలి. మురుగులో తిరిగినవి సూక్ష్మజీవులు మోసుకొస్తాయి కాబట్టి గ్లౌజులు తప్పనిసరి. డిగ్రీ, పీజీ జువాలజీలో జంతువుల డిసెక్షన్ మీద యూజీసీ ఆంక్షలున్నాయి. కీటకమే కదా అని ఊరుకోకుండా కాలేజీ ఎథిక్స్ కమిటీతో ముందే మాట్లాడి, రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

కరెంటు హోరు సంగతికొద్దాం. మన మెయిన్స్ 50 హెర్ట్జ్. ఫిల్టరు 300 దగ్గర మొదలవుతుంది కాబట్టి 50 రాకూడదు అనుకుంటాం. వస్తుంది. ఫిల్టరు గోడ నిట్టనిలువుగా ఉండదు, వాలుగా ఉంటుంది, కాబట్టి బలమైన 50 కొంత జారి లోపలికొస్తుంది. పైగా ఇళ్లలో, ల్యాబుల్లో కరెంటు శుభ్రమైన సైన్ తరంగం కాదు. దాని గుణిజాలు 350, 450, 550 హెర్ట్జ్ దగ్గర ఉంటాయి, అవి ఫిల్టరు తెరిచి ఉంచిన తలుపులోంచే వచ్చేస్తాయి. అన్నిటికన్నా మోసం చేసేది ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటరు. అది ప్రతి అర్ధ చక్రంలోనూ కరెంటుని మధ్యలో తెంపి మళ్లీ కలుపుతుంది. అంటే సెకనుకి 100 సార్లు ఒక పదునైన కుదుపు. తెర మీద అది అచ్చం స్పైకులాగే ఉంటుంది. తేడా పట్టుకునే పద్ధతి ఒకటే: వరసగా రెండు కుదుపుల మధ్య దూరం కొలవండి. ప్రతిసారీ కచ్చితంగా 10 మిల్లీసెకన్లు వస్తే అది ఫ్యాను. నాడి అంత క్రమంగా పలకదు.

వదిలించుకోవడానికి ఇదే క్రమంలో వెళ్లండి. ఫ్యాన్లు, ట్యూబులైట్లు, చార్జర్లు స్విచ్చి దగ్గరే ఆపేయాలి. ల్యాప్‌టాప్ అయితే చార్జరు పీకి బ్యాటరీ మీద నడపాలి. ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి. పెట్టెకి బ్యాటరీ బదులు గోడ అడాప్టరు తగిలించాలన్న ఆలోచన రానివ్వకండి, హోరుకి సగం కారణం అదే అవుతుంది. ఇంకా ఉంటే బెండునీ కాలినీ ఒక స్టీలు డబ్బాలో పెట్టి, డబ్బాని ఎలక్ట్రోడ్ గ్రౌండు తీగకి క్లిప్పుతో కలపాలి. క్లిప్పు పెట్టకుండా డబ్బా ఒక్కటే పెడితే కొన్నిసార్లు హోరు పెరుగుతుంది, ఎందుకంటే గ్రౌండు లేని లోహం యాంటెనాలా పనిచేస్తుంది. ఇవన్నీ చేశాక కూడా తగ్గకపోతే సూదులు చూడండి. వాడగా వాడగా తీగ అతికిన చోట సోల్డరు వదులవుతుంది. మల్టీమీటరుతో సూది కొస నుంచి ప్లగ్గు దాకా కంటిన్యుయిటీ చూస్తే నిమిషంలో తేలిపోతుంది.

స్పైక్ రికార్డర్ యాప్ ఉచితం. ఫోన్లోనూ, కంప్యూటర్లోనూ నడుస్తుంది, రికార్డింగుని వేవ్ ఫైలుగా దాస్తుంది. బొమ్మ చక్కగా కనిపిస్తుంది, త్రెషోల్డు (ఇంత ఎత్తు దాటితేనే స్పైకు అనే హద్దు) పెట్టి ఒకదాని మీద ఒకటి స్పైకులు పేర్చి చూపిస్తుంది. కానీ తెర మీద కనిపించే మిల్లీవోల్టుల్ని నమ్మకండి. ఆడియో కేబులు ద్వారా తీసుకుంటే ఆ అంకె ఫోను మైకు గెయిన్ (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందన్నది) మీద ఆధారపడుతుంది. ఒక ఫోనులో తీసిన ఎత్తుని ఇంకో ఫోనులో తీసినదానితో పోల్చడం కుదరదు. కొన్ని ఫోన్లు మాట స్పష్టంగా వినపడాలని మైకు మీద ఆటోమేటిక్ గెయిన్, నాయిస్ తగ్గింపు నడుపుతాయి. వాటి దృష్టిలో స్పైకు కూడా నాయిసే. మొదట్లో పెద్దగా వచ్చిన స్పైకులు కాసేపటికి వాటంతటవే కుంచించుకుపోతుంటే కాలిని అనుమానించే ముందు ఫోను మార్చి చూడండి.

ఈ పెట్టెతో నిజంగా చేయదగ్గ ప్రయోగం నాడీశాస్త్రవేత్త ఎడ్గార్ ఏడ్రియన్ చేసినదే. 1926లో ఆయన, యింగ్వె జోటర్మన్‌తో కలిసి కప్ప కండరంలోని సాగుడు గ్రాహకం నుంచి వచ్చే ఒకే ఒక్క నాడీ తంతువు సిగ్నల్ పట్టుకున్నాడు. లాగుడు బలం పెంచితే స్పైకు ఎత్తు పెరగలేదు, సెకనుకి వచ్చే స్పైకుల సంఖ్య పెరిగింది. అదే లాగుడు అలాగే ఉంచితే సంఖ్య క్రమంగా తగ్గింది. ఈ దారిలో చేసిన పనికి 1932లో షెరింగ్టన్‌తో కలిసి నోబెల్ పంచుకున్నాడు. ఇంద్రియాల మీద తర్వాత జరిగిన పరిశోధనంతా ఈ రెండు మాటల మీదే నిలబడింది. హ్యూబెల్, వీజల్ అనే శాస్త్రవేత్తలు పిల్లి దృష్టి వల్కలంలో (మెదడు పై పొరలో చూపుకి సంబంధించిన భాగంలో) గాజు స్లైడు అంచు నీడకి కణం పలకడాన్ని పట్టుకున్నదీ స్పీకరులో చప్పుడు వినే. ఏడ్రియన్ చెప్పిన రెండు విషయాలూ ఒక కాలితో, ఒక మధ్యాహ్నంలో మీ బల్ల మీద రుజువు చేసుకోవచ్చు.

దానికి బలం కొలిచి తాకే సాధనం కావాలి. టూత్‌పిక్ పనికిరాదు, చెయ్యి ఎంత నొక్కిందో తెలియదు. పందొమ్మిదో శతాబ్దం చివర మాక్స్ ఫాన్ ఫ్రై వెంట్రుకలతో చేసిన ఉపాయాన్ని గాలానికి కట్టే నైలాన్ దారంతో చేయొచ్చు. దారం ముక్కని ఐస్‌క్రీం పుల్లకి అడ్డంగా జిగురుతో అతికించాలి. దాని కొసని నిటారుగా నొక్కితే ఒక హద్దు దాకా నిలబడి, ఆ తర్వాత విల్లులా వంగుతుంది. వంగాక ఇంకాస్త నొక్కినా బలం పెద్దగా పెరగదు, ఈ పద్ధతి అందమంతా అందులోనే ఉంది. ఆ బలం పొడవు వర్గానికి విలోమంగా ఉంటుంది. అంటే ఒకే దారం 4 సెంటీమీటర్ల ముక్క ఇచ్చే బలానికి 2 సెంటీమీటర్ల ముక్క నాలుగు రెట్లు ఇస్తుంది. లెక్కని నమ్మి వదిలేయకుండా 0.01 గ్రాము దాకా చూపించే నగల త్రాసు మీద ఒక్కో ముక్కనీ నొక్కి అంకె రాసుకోండి. ఒక గ్రాము అంటే సుమారు 9.8 మిల్లీన్యూటన్లు. నాలుగైదు పొడవులు చాలు.

తాకే క్రమంలోనే చాలామంది ఫలితం పాడుచేసుకుంటారు. చిన్న బలం నుంచి పెద్ద బలానికి వరసగా వెళ్తారు. కోసిన కాలు నిమిషాలు గడిచేకొద్దీ నీరసిస్తుంది. చివర్లో తాకిన పెద్ద బలానికి స్పైకులు తక్కువ వస్తే అది బలం వల్లా, కాలు అలిసిపోవడం వల్లా అన్నది తేల్చలేం. అన్ని ముక్కల్నీ చీటీలేసి తీసిన క్రమంలో, ఒక్కోదాన్ని పది సార్లకి తగ్గకుండా తాకాలి. ప్రతిసారీ ఒక సెకను నొక్కి, అర నిమిషానికి తక్కువ కాకుండా ఆగాలి. ఆగకపోతే ముందు తాకిన అలవాటు తర్వాతి లెక్కలో కలిసిపోతుంది. బొద్దింక ఫీమర్ మీదున్న స్పర్శ ముల్లులో ఉండేది ఒకే ఒక్క ఇంద్రియ నాడీకణం, అది చాలా త్వరగా అలవాటుపడే రకం. దాన్ని వంచి అలాగే పట్టుకుంటే స్పైకుల వరస మొదట దట్టంగా, ఆపైన పల్చగా అయిపోవడం మీరే వింటారు.

లెక్కపెట్టడం యాప్‌కి వదిలేయకుండా వేవ్ ఫైలుని పైథాన్‌లో తెరవడం నేర్చుకుంటే ఈ పెట్టె విలువ రెట్టింపవుతుంది. త్రెషోల్డు కంటితో పెట్టకండి, ఒక్కొక్కరి కన్ను ఒక్కోలా పెడుతుంది. సిగ్నల్ పరిమాణాల (ప్లస్, మైనస్ గుర్తులు తీసేసిన విలువల) మీడియన్ తీసి 0.6745తో భాగిస్తే నాయిస్ అంచనా వస్తుంది. మామూలు స్టాండర్డ్ డీవియేషన్ వాడితే స్పైకులే నాయిస్‌ని పెంచి చూపిస్తాయి, అందుకే ఈ దారి. దానికి నాలుగు లేదా ఐదు రెట్ల దగ్గర గీత గీసి, గీత దాటిన ప్రతి చోటునీ ఒక స్పైకుగా తీసుకుని, వెంటనే వచ్చే ఒక మిల్లీసెకను వదిలేయాలి. తర్వాత వరస స్పైకుల మధ్య వ్యవధులకి హిస్టోగ్రాం వేయండి. 10 లేదా 20 మిల్లీసెకన్ల దగ్గర సన్నని శిఖరం లేస్తే కరెంటు ఇంకా మిగిలి ఉంది. రెండు మిల్లీసెకన్ల కంటే తక్కువ వ్యవధులు గుట్టగా ఉంటే ఒకటి కాదు, చాలా కణాలు కలిసి పలుకుతున్నాయి. ఈ పెట్టెలో ఎక్కువగా జరిగేది ఆ రెండోదే. ముందు ఈ హిస్టోగ్రాం చూడకుండా బలానికీ స్పైకులకీ గ్రాఫు వేసి చూపిస్తే ఒప్పుకోవద్దని ల్యాబు చూసే లెక్చరర్లకి నా గట్టి సలహా.

ఈ అలవాటు తర్వాత ఎక్కడికి వెళ్లినా పనికొస్తుంది. 2017లో వచ్చిన న్యూరోపిక్సెల్స్ ప్రోబులో వెంట్రుకంత సన్నని ఒక్క సిలికాన్ కాడ మీద 960 రికార్డింగ్ బిందువులుంటాయి, వాటిలో 384 ఒకేసారి వింటాయి. అక్కడా విద్యార్థి ఎదుర్కొనే ప్రశ్నలు ఇవే: ఇది స్పైకా, నాయిసా? ఒక కణమా, రెండా? హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని సెంటర్ ఫర్ న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్‌కో, బెంగళూరు ఐఐఎస్‌సీలోని సెంటర్ ఫర్ న్యూరోసైన్స్‌కో దరఖాస్తు పెట్టాలనుకునే విద్యార్థి, తన చేత్తో తీసిన రికార్డింగూ తను రాసిన కోడూ చూపించగలిగితే ఆ సంభాషణే వేరుగా ఉంటుంది.

పరిమితి కూడా సూటిగా చెప్పాలి. కోసిన కాలుకి ఏమీ తెలియదు. స్పర్శ సమాచారం పుట్టడం మాత్రమే ఇక్కడ చూస్తున్నాం. బతికున్న బొద్దింకలో ఈ తంతువులు రొమ్ములోని నాడీగ్రంథికి వెళ్తాయి, మనలో స్పర్శ వెన్నుపాము, మెదడు లోపలి థాలమస్ దాటి వల్కలానికి చేరాకే అనుభూతి అవుతుంది. అనుభూతి అనే మాట ఈ ప్రయోగంలో ఎక్కడా వాడకుండా పాఠం చెప్పడం మంచిది. అలాగే సూదులకి ఫోనులో పాట పెట్టి కాలిని ఆడించే ప్రదర్శన ఉంది, బేస్ దరువుకి కాలు ఎగురుతుంది. పిల్లలు కేరింతలు కొడతారు. అది కండరానికి వెళ్లే నాడిని కరెంటుతో లేపడం, ఇంద్రియాలతో దానికి సంబంధం లేదు. సైన్సు ఫెయిర్‌లో చివరి ఐదు నిమిషాలకి ఉంచుకోవచ్చు, అంతే.

కొనేముందు మోడల్ పేరు రెండుసార్లు చదవండి. కండరాలకీ, గుండె-మెదడు సిగ్నళ్లకీ అదే సంస్థ వేరే పెట్టెలు అమ్ముతుంది. కళ్లు మూసుకుంటే వచ్చే 10 హెర్ట్జ్ ఆల్ఫా తరంగం చూద్దామని న్యూరాన్ పెట్టె కొంటే 300 హెర్ట్జ్ కింద అంతా ఫిల్టరు తినేస్తుంది, ఏమీ కనపడదు. నాడిలో స్పైకు వేగం కొలవాలంటే రెండు చానళ్లున్న ప్రో మోడలే కావాలి. వానపాము ఒంటి వెంబడి రెండు జతల సూదులు పెట్టి, వాటి మధ్య దూరాన్ని స్పైకు చేరే సమయంలోని తేడాతో భాగిస్తే వేగం వస్తుంది. ఒక చానలుతో ఇది కుదరదు. ఆడియో కేబులుతో పనిచేసే మోడల్ అయితే మీ ఫోనుకి 3.5 మిల్లీమీటర్ల జాక్ ఉందో లేదో చూసుకోండి. టైప్-సీ అడాప్టర్లలో పాటలు వినడానికి మాత్రమే పనికొచ్చేవి చాలా ఉన్నాయి, మైకు ఇన్‌పుట్ ఇచ్చేదే కావాలి. విదేశం నుంచి తెప్పిస్తే ధరకి కస్టమ్స్ సుంకం, రవాణా కలుస్తాయి. కాబట్టి అదనపు సూదుల ఎలక్ట్రోడ్లు అదే ఆర్డరులో వేసేయండి, మొదట పాడయ్యేవి అవే. సోల్డరింగ్ వచ్చినవాళ్లకి ఇంకో దారి ఉంది. సర్క్యూట్ బహిరంగంగానే ఉంది కాబట్టి ఇన్‌స్ట్రుమెంటేషన్ ఆంప్లిఫయరు, ఆప్-ఆంప్, స్పీకరు నడిపే ఎల్ఎం 386 కోఠి గుజరాతీ గల్లీలాంటి చోట్ల వెతికి కట్టుకోవచ్చు. కట్టాక సూదుల చోట సిగ్నల్ జనరేటరు నుంచి 1000 హెర్ట్జ్ సైన్ తరంగాన్ని రెసిస్టర్లతో ఒక మిల్లీవోల్టుకి తగ్గించి ఇవ్వండి. అవతల 0.9 వోల్టుకి దగ్గరగా వస్తే అప్పుడు బొద్దింక కోసం వెతకండి.